పసుపు పెట్టిన నోటీసు

మా ఇంట్లో కారే చోట్లు ఐదు. అందులో నాలుగింటికి మా అత్త మునెమ్మ పేర్లు పెట్టింది. వంటింటి గడప మీద కారేది చిన్నాడబిడ్డ. ఆగి ఆగి ఏడుస్తుంది, ఎందుకు మొదలుపెట్టిందో ఎవరికీ తెలియదు. దేవుడి పటాల పక్కన కారేది పక్కింటి సుబ్బన్న. సన్నగా మొదలై గంటలకొద్దీ గొణుగుతూనే ఉంటుంది. నా కుట్టుమిషను మీద పడేది తాసిల్దారు. ఎప్పుడో గాని రాడు, వస్తే మాత్రం ఏదో ఒకటి తినకుండా పోడు. ముందు గదిలోది పెళ్ళివారు, అందరూ ఒక్కసారే దిగుతారు. ఐదోది ఆ ఏడాదే కొత్తగా, లోపలి గదిలో మంచానికి సరిగ్గా పైన మొదలైంది. దానికి అత్త పేరు పెట్టలేదు. ఆ మంచం రూపశ్రీది.

రూపశ్రీ మా ఒక్కగానొక్క కూతురు. నాయుడుపేటలో ఇచ్చాం. వినాయకచవితి నాటికి దానికి ఐదో నెల. ఏడో నెలలో తోడుకొచ్చుకోవాలి, తొలి పురుడు మా ఇంట్లో జరగాలి. ఊరు ఏమంటుందోనని కాదు. పెళ్ళయ్యాక పిల్ల వచ్చినప్పుడల్లా రెండు రోజులుండి బ్యాగు సర్దుకునేది. ఈసారి నాలుగైదు నెలలు నా పక్కన ఉంటుంది. ఆ లెక్క వేసుకుంటూ నేను జాకెట్లకు హుక్సులు తలకిందులుగా కుట్టిన రోజులున్నాయి.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. నాలుగోరోజు మా వియ్యపురాలు అక్కమ్మ ఫోను చేసింది.

"జయంతీ, మంచిమాటకే చెప్తా ఉండా, కోపం తెచ్చుకోవద్దు వదినా. పోయిన దీపావళికి మీ ఇంట్లో నేను పడుకున్న చాప తెల్లారేలోగా పడవైపోయింది. ఆ మిద్దె కిందికి కడుపుతో ఉండే పిల్లను ఎట్లా పంపేది?"

"బాగుచేయిస్తాం వదినా."

"చేయించండి, పంపిస్తా. చేయించకపోతే పురుడు ఈడనే. నాకేం కష్టం లేదు, మా వంటిల్లు పెద్దది."

వంటిల్లు పెద్దదన్న మాట ఎందుకో అన్నిటికంటే బాగా గుచ్చుకుంది. ఫోను పెట్టేశాక అత్త నా ముఖం చూసి, "ఏమంటాది నాయుడుపేట రాణి?" అంది. చెప్పాను. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, "ఈ మిద్దె మనల్ని నలుగుర్లో నిలబెట్టేసింది కదమ్మే" అంది.

మాది తీర్థకట్ట వీధి వెనక సందులో పాతకాలపు మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు, పైన సున్నం. పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాం. మా ఆయన దామోదరం బస్సు కండక్టరు, డిపో నడిచి పోయేంత దూరం. నా దగ్గర కుట్టించుకునేవాళ్ళంతా చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళు. ఇల్లు మారితే నా మిషను నాతో వస్తుంది గాని, వాళ్ళు రారు.

ఇంటి ఓనరు యోగానంద ఐరాలలో ఉంటాడు. చెరుకు తోట, బెల్లం గానుగ. చెడ్డవాడని చెప్పలేను. మూడు నెలలకొకసారి వస్తాడు, మంచినీళ్ళు తాగుతాడు, పిల్లెట్లా ఉండాదని అడుగుతాడు. మా ఇంట్లో ఉన్నంతసేపూ పైకి మాత్రం చూడడు. వానాకాలం అడిగితే, "వానలో మిద్దె ముట్టుకుంటారామ్మా యాడైనా? ఎండలు రానీ" అంటాడు. ఎండాకాలం అడిగితే, "ఇప్పుడు కారతా ఉండాదా? లేదు కదా!" అంటాడు. అట్లా మూడు వానాకాలాలు, మూడు ఎండాకాలాలు గడిచాయి. పోయినేడు ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. తీసుకోకుండా తిప్పి పంపాడు. దాయాదులతో ఏదో భూమి తగాదా ఉందట, అప్పటినుంచీ రిజిస్టరు పోస్టంటే చాలు, పోస్టుమ్యానును వీధి మొదట్లో చూసి గానుగ వెనక్కి పోతాడట.

*

అక్కమ్మ ఫోను చేసిన మూడోరోజు లాయరు కృపారాణి మేడం జాకెట్లకు కొలతలివ్వడానికి వచ్చింది. కోర్టుకు వేసుకునే తెల్ల జాకెట్లు ఏటా నా దగ్గరే కుట్టించుకుంటుంది. బయట ముసురు. నేను టేపు తీసి, "చేతులెత్తండి మేడం" అన్నాను. ఆమె ఎత్తింది. సరిగ్గా అప్పుడే తాసిల్దారు దిగాడు, ఆమె భుజం మీదికి.

"ఇదేంటి జయంతీ?"

నేను సమాధానం చెప్పేలోపే అత్త అందుకుని నాలుగు పేర్లూ, అక్కమ్మ ఫోనూ, ఓనరు గానుగ వెనక్కి పోవడం దాకా ఒకే ఊపిరిలో చెప్పేసింది. మేడం చేతులెత్తుకునే నవ్వింది.

"అగ్రిమెంటు ఉందా?"

"ఏటేటా రాసుకుంటాం. పదకొండు నెలలకు."

"తీసుకురా."

తెచ్చాను. నేను ఆమె వీపు కొలుస్తుంటే ఆమె కాగితం చదివింది. "ఇదిగో, ఆరో లైను. గోడలు, కప్పు, పెద్ద రిపేర్లు ఓనరు చూసుకోవాలి. ఇది చదివావా ఎప్పుడైనా?"

"సంతకం యాడ పెట్టాలో చూసినాను మేడం."

"అందరూ అంతే. సరే విను. మొట్టమొదట, అద్దె ఆపొద్దు. కోపంతో అద్దె ఆపేస్తే తప్పు నీ వైపుకొస్తుంది. నెల నెలా ఫోనులో వేస్తున్నారు కదా, అట్లాగే వెయ్యి. రెండు, నోటీసు పంపు. తేదీ వేసి, ఎక్కడెక్కడ కారుతోందో రాసి, ఫోటోలు పెట్టి, పదిహేను రోజులు గడువివ్వు. ఆ లోపల ఆయన చేయించకపోతే నువ్వే చేయించుకుని, అయిన ఖర్చు బిల్లులు చూపించి అద్దెలో పట్టుకోవచ్చు. చట్టంలో ఉంది."

"నడుం ముప్పై ఆరు మేడం."

"ముప్పై నాలుగు రాయి. అది ఇష్టం లేకపోతే, రిపేరు చేయించమని ఆయనకు ఉత్తర్వు ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చు. అదీ వద్దంటే, ఉచిత న్యాయసహాయం వాళ్ళ దగ్గరికి రా, ఆడవాళ్ళకు ఫీజు లేదు, ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నేను కూడా అక్కడికి పోతుంటాను."

"ఖాళీ చెయ్యమంటేనో?" అన్నాను. మా ఆయన భయం అదొక్కటే. అడిగి అడిగి, ఉన్నది పోగొట్టుకుంటామేమోనని.

"మిద్దె కారుతోందని అడిగినందుకు ఎవరూ వెళ్ళగొట్టలేరు. కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయట పెట్టకూడదు. నీళ్ళు, కరెంటు ఆపకూడదు."

"మరి నోటీసే తీసుకోకపోతే?"

"తీసుకోనని తిప్పి పంపినా ఇచ్చినట్టే లెక్క. ఆ కవరు విప్పకుండా దాచిపెట్టుకో."

నేను టేపు మెడలో వేసుకున్నాను. "కోర్టుకు ఆ కవరు చాలునేమో మేడం. నాకు కావాల్సింది ఆయన ఒక్కసారి పైకి చూడడం."

మేడం అగ్రిమెంటు మడిచి నా చేతికిచ్చింది. వెళ్ళేటప్పుడు, "నువ్వే రాయి. నీ మాటల్లో రాయి. నేను ఒకసారి చూస్తాను" అంది.

*

రాయడానికి రెండు రోజులు పట్టింది. జాకెట్టుకు ముందు గుడ్డ కత్తిరించి తర్వాత ఆలోచించకూడదు కదా, అట్లా ప్రతి మాటా నాలుగుసార్లు కొలుచుకున్నాను. మేడం రెండు మాటలు మార్చింది, అంతే. నాలుగు కారే చోట్లకు నాలుగు ఫోటోలు, మంచం మీది దానికి రెండు. కవరు అంటించి, చిరునామా రాసి, దేవుడి గూట్లో పెట్టి స్నానానికి వెళ్ళాను. అత్త అడిగింది, "ఏందమ్మే అది?"

"రూపశ్రీని తోడుకొచ్చుకోవాలంటే ముందు ఈ కాగితం పోవాలత్తా."

నేనన్నది అంతే. స్నానం చేసి వచ్చేసరికి మా ఆయన డ్యూటీకి పోతూ కవరు తీసుకెళ్ళాడు.

సాయంత్రం వచ్చి చొక్కా విప్పుతూ, "పోస్టాఫీసులో ఆ పిల్ల ఎంత మర్యాదగా మాట్లాడిందో" అన్నాడు. "సార్, ఇంట్లో శుభకార్యమా అనింది. అవునమ్మా, కూతురు పురిటికొస్తాందన్నాను. నవ్వుతా స్టాంపు మెల్లగా కొట్టింది, పసుపు చెరిగిపోకుండా."

"ఏం పసుపు?"

"కవరు మీద నాలుగు మూలలా పెట్టినారు కదా. నడిమధ్య కుంకుం బొట్టు కూడా."

నేను అత్త వైపు తిరిగాను. అత్త బియ్యంలో రాళ్ళేరుతోంది. "పిల్లను పిలిచే కాగితమంటివి. ఉత్త కాగితం పంపుతారా ఎవరైనా?"

"అది నోటీసు అత్తా! ఓనరుకు నోటీసు!"

"అయితే ఏం? నోటీసుకు మంచి జరగకూడదా?"

మా ఆయన మంచం మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. చెల్లకుండా పోతుందేమోనని మేడంకు ఫోను చేశాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత తెలిసింది, ఆమె ఫోను దూరంగా పెట్టుకుని నవ్వుకుంటోందని.

"పసుపు పూసిన నోటీసు చెల్లదని ఏ చట్టంలోనూ లేదు జయంతీ. నువ్వు పడుకో."

ఐదో రోజు రసీదు కార్డు తిరిగొచ్చింది. దాని మీద యోగానంద సంతకం ఉంది. చిన్నాచితకా సంతకం కాదు, కార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా, చివర్న తోక తిప్పి, కింద తేదీ వేసి. రిజిస్టరు పోస్టంటే గానుగ వెనక్కి పోయే మనిషి, నాలుగు మూలలా పసుపు చూసి ఎదురెళ్ళి తీసుకున్నాడు.

నేను ఆ తేదీ నుంచి పదిహేను లెక్కపెట్టి క్యాలెండరులో సున్నా చుట్టాను.

*

పదో రోజు కార్తీక సోమవారం. పొద్దున్నుంచీ సన్నగా తుంపర. పది గంటలప్పుడు సందులో ఆటో ఆగింది. యోగానంద, ఆయన భార్య ప్రసన్నకుమారి దిగారు. కపిలతీర్థంలో మునిగి వస్తున్నారు, ఆమె జుట్టు ఇంకా తడిగా ముడేసి ఉంది. పదకొండేళ్ళలో ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. ఒక చేతిలో పళ్ళ సంచి, ఇంకో చేతిలో బట్టల కొట్టు సంచి.

"ఏమమ్మా జయంతీ, పోస్టులో పంపేస్తే అయిపోయిందా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవొద్దూ?" అంటూనే లోపలికొచ్చింది. సంచిలోంచి కవరు తీసింది. మా కవరే. అంటించింది అంటించినట్టే ఉంది.

మా ఆయన ఆమెకు కుర్చీ వేసి, యోగానందకు కుర్చీ వెయ్యడం మర్చిపోయి నిలబడ్డాడు.

"విప్పలేదా అక్కా?" అన్నాను.

"మా అత్తగారి నాటినుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి. శుభలేఖ వస్తే దేవుడి దగ్గర పెడతాం. పిలిచినోళ్ళే వచ్చి చదివి వినిపించాల, అప్పుడే పిలుపు చేరినట్టు. నువ్వు రాకపోతివి. సరే, తిరుపతికి పోతా ఉండాం కదా, మనమే పోయి చదివించుకుందామని తెచ్చినా. మీ పిల్ల కడుపుతో ఉండాదని ఈయన చెప్పినాడు, సీమంతమే కదా?"

"సీమంతమే అయ్యుంటాదిలే" అన్నాడు యోగానంద, పెద్దరికంగా తల ఊపుతూ. "నేను సంతకం పెట్టేటప్పుడే అనుకున్నా."

ఆమె కవరు నా చేతిలో పెట్టింది. మా ఆయన ఆమె వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేస్తున్నాడు. సీమంతమని చెప్పెయ్యి, ఏదో ఒక తేదీ చెప్పెయ్యి, పంపించేద్దాం అన్నట్టు. నిజంగానే నోటిదాకా వచ్చింది. ఆ ఇల్లాలు చన్నీళ్ళలో మునిగి, ఒక్కపొద్దుండి, చీర తెచ్చింది. ఆమె ముఖం మీద ఎట్లా చదవడం?

కవరు చించాను. కాగితం విప్పాను. నిలబడే చదివాను.

"ఐరాల కాపురస్తులు యోగానంద గారికి, తిరుపతి తీర్థకట్ట వీధి వెనక సందులో మీ ఇంట అద్దెకున్న జయంతి, దామోదరం రాసుకునే నోటీసు. మూడేళ్ళుగా ఈ ఇంటి కప్పు కారుతున్నది, ఇప్పుడు ఐదు చోట్ల. మీకు నోటిమాటగా ఎనిమిదిసార్లు చెప్పినాము. అగ్రిమెంటు ఆరవ లైను ప్రకారము కప్పు బాగుచేయించు బాధ్యత మీది. మేము ఒక్క నెల కూడా అద్దె ఆపలేదు. మా కూతురు పురిటికి రావలసి ఉన్నది. ఈ నోటీసు అందిన పదిహేను దినములలో మీరు కప్పు బాగుచేయించనిచో, మేమే చేయించుకుని, ఆ ఖర్చు బిల్లులతో సహా మీకు చూపి, చట్టప్రకారము అద్దెలో పట్టుకొందుము. మీ మీద మాకు కోపము లేదు. ఇల్లు మీది, నివాసము మాది. రెండూ తడుస్తున్నవి."

చివరి మూడు మాటలూ తీసెయ్యమని కృపారాణి మేడం చెప్పింది. తర్వాత, వద్దులే ఉంచు అంది.

పటాల పక్కన సుబ్బన్న మొదలయ్యాడు. టప్, టప్, టప్. ప్రసన్నకుమారి ముందు ఆ చుక్కల కింద పెట్టిన చెంబును చూసింది, తర్వాత మెల్లగా తలెత్తి కప్పును చూసింది. భార్య చూసింది కాబట్టి యోగానంద కూడా చూశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

"పోయినేడే మిద్దె వేయించినానంటివి?" అంది ఆమె, ఎదురుగా ఉన్న గోడకు చెప్పినట్టు.

"వేయిద్దామనే... మేస్త్రీని కూడా..."

"ఇది సుబ్బన్న తల్లీ" అంది మా అత్త, ఇంటికొచ్చిన చుట్టాలకు మనుషుల్ని చూపించినట్టు. "రా, లోపల చిన్నాడబిడ్డ ఉండాది, చూపిస్తా." ఆమెను చెయ్యిపట్టుకుని ఇల్లంతా తిప్పింది. ప్రసన్నకుమారి లోపలి గదిలో మంచం దగ్గర మాత్రం కాసేపు ఆగింది. దానికి ఇంకా పేరు పెట్టలేదని అత్త చెప్పినట్టుంది. బయటికొచ్చాక ఆమె ముఖంలో నవ్వు లేదు. నా చేతిలో కాగితం తీసుకుని మడిచి, పసుపు కవరులోనే పెట్టి, తన సంచిలో వేసుకుంది.

"పసుపు ముట్టిన కాగితం. కాదనగూడదు" అంది మొగుడితో. చీర సంచి నా చేతికిచ్చింది. "రూపశ్రీకి. తెచ్చింది వెనక్కి పట్టుకపోకూడదు."

యోగానంద గడప దాటుతూ నా దగ్గర ఆగాడు. గొంతు తగ్గించాడు. "ఎన్ని దినాలు ఇచ్చినావమ్మా?"

"పదహైదన్నా. మీరు సంతకం పెట్టిన దినం నుంచి. ఇంకా ఐదు ఉండాయి."

"నిజంగానే అద్దెలో పట్టుకుంటారా?"

"బిల్లు చూపించి పట్టుకుంటాం."

ఆయన తల గోక్కున్నాడు. "పసుపు పూసి నోటీసు ఇచ్చేది యాడైనా ఉండాదా అప్పా..." అనుకుంటూ ఆటో ఎక్కాడు.

*

ఐదు రోజులూ గడిచాయి. మేస్త్రీ రాలేదు, ఫోనూ రాలేదు. వాన మాత్రం తెరిపిచ్చింది. పదహారో రోజు పొద్దున మా ఆయన క్యాలెండరు ముందు నిలబడి, "ఇంకో రెండు దినాలు చూద్దామా?" అన్నాడు.

"తెరిపి ఇంకో రెండు దినాలు ఉంటాదా?" అన్నాను.

ఆయన డ్యూటీకి వెళ్ళాడు. నేను చెప్పులేసుకుని చిన్నబ్బ మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. చిన్నబ్బకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, మద్రాసు మిద్దెల సంగతి తెలిసినవాళ్ళు మా చుట్టుపక్కల ఇంక ఎవరూ లేరు. అతను మిద్దెక్కి, అంతా మడమతో తట్టి చూసి, "దూలాలు ఇనుపముక్కలమ్మా. పైన సున్నమే చచ్చిపోయింది. అంతా తవ్వేసి, సున్నం, ఇటుక జల్లి కలిపి కొట్టాల" అన్నాడు. ప్రతి వస్తువుకూ బిల్లు కావాలన్నాను. "బిల్లా!" అన్నాడు, నేనేదో పాత సినిమా పాట పాడమన్నట్టు. అయినా ఇచ్చాడు, సిగరెట్టు పెట్టె అట్ట మీద. దుకాణంవాడి దగ్గర సరైన కాగితం నేనే రాయించుకున్నాను.

ఆ సాయంత్రానికే మనుషుల్ని పెట్టి పాత సున్నం తవ్వేశాడు. మర్నాడు తొమ్మిదికి ఐదుగురు ఆడవాళ్ళొచ్చారు. జల్లి పరిచి, వరసగా కూర్చుని, చేతి చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. మా అత్త కింద కూర్చుని చెవి ఒగ్గి విన్నది. పావుగంట ఓర్చుకుంది. తర్వాత చీర కొంగు బిగించి, డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నిచ్చెన ఎక్కేసింది.

"ఏందిరా చిన్నబ్బా ఇది, అప్పడాలు కొడతా ఉండారా? నా పెళ్ళికి ముందు పుత్తూరులో నేను కొట్టిన మిద్దెలు ఇప్పుడు కూడా ఉండాయి. కరక్కాయ నీళ్ళేవి? బెల్లం నీళ్ళేవి?"

"అవన్నీ ఇప్పుడెవరు వేస్తా ఉండారు పెద్దమ్మా?"

"వేయకపోతే కారతాది!"

వాళ్ళిద్దరూ మిద్దె మీద అరుచుకుంటుండగా సందులోకి ఒక టెంపో వెనక్కి వెనక్కి వచ్చింది. ముందు సీట్లోంచి యోగానంద దిగాడు. వెనక నాలుగు గోనె సంచులు. ప్రసన్నకుమారి రాలేదు, కానీ ఆమె మాట ఆయన ముఖం మీద ఉంది.

"మొదలుపెట్టేసినారా?" అన్నాడు పైకి చూసి.

"పదహేడో దినమన్నా" అన్నాను.

"తెలుసులేమ్మా, ఇంట్లో రోజూ లెక్కపెడతానే ఉండాది. నాలుగు దినాలుగా నాకు అన్నం పెట్టేటప్పుడు కూర అడిగితే ముందు మిద్దె సంగతి చెప్పు అంటాది." సంచి మూతి విప్పాడు. నల్లగా మెరుస్తున్న బెల్లం దిమ్మెలు. "పోయినేడు పాకం ముదిరింది. మండీలో ఎవడూ కొనలేదు. మీరు యాడో అంగట్లో బెల్లం కొని ఆ బిల్లు కూడా నా మీద వేస్తారేమోనని తెచ్చినా. ఇది బిల్లులో రాయకూడదు, ఇప్పుడే చెప్తా ఉండా."

"నోటీసులో బెల్లం సంగతి లేదన్నా" అన్నాను. నాకు నవ్వాగడం లేదు.

అత్త పైనుంచి కేక వేసింది. "యోగానందా! బెల్లం పంపించి నువ్వు ఆడ నిలబడుకుంటే ఎట్లా నాయనా? ఎక్కు!"

ఎక్కాడు. పిట్టగోడ మీద కూర్చుని జల్లి ఎంత, సున్నం ఎంత అని లెక్కలడిగాడు. పెద్ద అండాల్లో బెల్లం, కరక్కాయలు నానేశారు. ఆ నీళ్ళు చల్లి కొడుతుంటే మిద్దె మీదంతా బెల్లం పాకం వాసన. చీమలకంటే ముందు వీధిలో పిల్లలొచ్చారు. చిన్నబ్బ ఎవరికీ చెప్పకుండా ఒక ముక్క దవడన పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు వరస కలిపి కొడుతుంటే అత్త మధ్యలో కూర్చుని ఒక్కొక్కరి మీద ఎగతాళి మాటలు కట్టింది. మేస్త్రీ పంచె మీద, ఓనరు బట్టతల మీద, నా మొగుడి విజిలు మీద. ప్రతి మాటకూ ఐదు చెక్కలూ ఒకేసారి పడేవి. మధ్యాహ్నానికి యోగానంద చొక్కా విప్పి పిట్టగోడ మీద పెట్టి, ఒక చెక్క తీసుకున్నాడు.

"శబ్దం వినప్పా" అంది అత్త. "ఇప్పుడు దబ్ దబ్ అంటా ఉండాది కదా? అది ఖణ్ మనాల. అంతవరకూ ఆపగూడదు."

మూడో రోజు సాయంత్రం ఖణ్ మంది. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన సందు మొదట్లోనే ఆగి విన్నాడట. బిల్లులన్నీ యోగానంద ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. సిగరెట్టు అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద సంతకం పెట్టాడు. ఈసారి తోక తిప్పలేదు.

"నాలుగు నెలలు పడతాదా తీరేదానికి?" అన్నాడు.

"ఐదు వేసుకుందామన్నా. నెలనెలా కొంత పంపిస్తానే ఉంటాం."

"అదేదో ముందే అడిగి ఉంటే..." అని, నా ముఖం చూసి, మాట మింగేశాడు.

*

నవంబరు చివర్లో రూపశ్రీని తోడుకొచ్చుకున్నాం. ప్రసన్నకుమారి ఇచ్చిన చీర కట్టుకునే దిగింది. వచ్చిన రోజే మంచం మీద అడ్డంగా పడుకుని, "అమ్మా, ఉప్పుడుబియ్యం దోసె" అంది. ఆ తర్వాత రెండు వారాలు నేను ఏ జాకెట్టూ చెప్పిన తేదీకి ఇవ్వలేదు. ఎవరూ కోపం చేసుకోలేదు. వచ్చినవాళ్ళు పిల్లను చూసి, మిద్దెను చూసి, అత్త చెప్పే కథ విని, జాకెట్టు సంగతి మర్చిపోయి వెళ్ళేవాళ్ళు.

డిసెంబరులో తుపాను పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. రెండోరోజు మధ్యాహ్నం అక్కమ్మ వచ్చింది, గొడుగు ముడిచి, కోడలికి సున్నుండల డబ్బా పట్టుకుని. కుర్చీలో కూర్చుంది. కాఫీ తాగుతూ మూడుసార్లు పైకి చూసింది. అన్నం తింటూ ఇంకోసారి చూసింది. కప్పు పొడిగా, తెల్లగా, ఎప్పుడూ అట్లాగే ఉన్నట్టు ఉంది.

"బాగా చేసినారు" అంది చివరికి. మా అత్త ఆ మాటకోసమే రెండు నెలలు బతికినట్టు గోడకానుకుని కళ్ళు మూసుకుంది.

రూపశ్రీ నిద్రపోయింది. నేను గిన్నెలు సర్దుతుంటే అక్కమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, మీ ఓనరుకు ఏదో కాగితం రాసినావంట కదా?"

"రాసినాను."

"ఎట్లా రాసినావు?"

నేను తిరిగి చూశాను. ఆమె కొంగు చివర మెలిపెడుతోంది.

"పిల్లను మీరు తోడుకొచ్చిన వారానికే మా వంటింటి గోడ ఉబ్బింది. ఈ వానకు నిలువునా చీలింది. పిల్లి పోయేంత సందు. మా ఓనరు నెల్లూరులో ఉంటాడు, ఫోను ఎత్తడు. వంట ముందు గదిలో చేసుకుంటా ఉండాం." "కోడలికి చెప్పొద్దు" అంది.

ఆ పెద్ద వంటిల్లు గురించి నేను ఎన్ని రాత్రులు కడుపులో పెట్టుకుని ఉన్నానో నాకే తెలుసు. అయినా ఆమె ముఖం చూస్తే నవ్వు రాలేదు. చెయ్యి తుడుచుకుని, మిషను సొరుగులోంచి నోటుబుక్కు, పెన్ను తెచ్చాను. ఇద్దరం వంటింట్లో పీటలేసుకుని కూర్చున్నాం.

"అగ్రిమెంటులో గోడల సంగతి ఏమని రాసుండాది?"

"నాకేం తెలుసు? సంతకం పెట్టింది ఆయన."

"ఇంటికి పోతానే చదవండి. ఇప్పుడు చీలిక ఎంత పొడుగు?"

"ఇంత." చేతులు చాచింది. చాలక, లేచి నిలబడి చూపించింది.

సగం రాసేసరికి తలుపు తోసుకుని రూపశ్రీ వచ్చింది, నిద్రముఖంతో, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. పీటల మీద తలలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్న మా ఇద్దర్నీ చూసి గడపలోనే ఆగిపోయింది.

"ఏం రాస్తా ఉండారు ఇద్దరూ?"

నేను పెన్నుకు మూత పెట్టాను. అక్కమ్మ మాత్రం తడుముకోలేదు. నోటుబుక్కు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పేర్లమ్మా. బిడ్డకు."

రూపశ్రీ ముఖం విచ్చుకుంది. మెల్లగా గోడ పట్టుకుని కిందికి దిగి, మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"ఎన్ని వచ్చినాయి ఇప్పటికి?" అంది. "చదవండి, వింటాను."